ఎనిమిదో రోజు, ఏడో ఏడు

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అదే ఏడాది ఆగస్టు 27న, నంద్యాలకు దగ్గరి చిందుకూరులో పుట్టిన పూల ఆంథోని రోమ్‌లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. 1961 నవంబరు 15న పుట్టిన ఆయనకు గురుపట్టం 30 ఏళ్లకు, కర్నూలు పీఠాధిపతిగా అభిషేకం 46 ఏళ్లకు జరిగాయి. కతోలిక సభ శాసనం ప్రకారం గురువు కావడానికి 25, పీఠాధిపతి కావడానికి 35 నిండితే చాలు. అయినా ఆ వయసు వచ్చిందని ఎవరికీ పట్టం దక్కదు. అంకె తలుపు తీస్తుంది, లోపలికి పిలిచేది సభ.

కతోలికుల 7 దివ్య సంస్కారాలన్నిటిలోనూ నాకు కనిపించే తీరు ఇదే. జ్ఞానస్నానం పుట్టిన కొన్ని వారాల్లోపు ఇప్పించాలి, ఫలానా రోజనే నియమం లేదు. జ్ఞాన తల్లిదండ్రులకు సాధారణంగా 16 నిండాలి. తొలి సత్ప్రసాదానికి మంచిచెడ్డలు తెలిసే వయసు రావాలి. దాన్ని సుమారు 7 ఏళ్లుగా 1910లో పదవ పయస్ పోపు ఖాయం చేశారు. అంతకుముందు చాలాచోట్ల పిల్లలు 10, 12, 14 ఏళ్ల దాకా ఎదురుచూసేవారు. పెళ్లికి సభ శాసనం అబ్బాయికి 16, అమ్మాయికి 14 అంటుంది గానీ ఆళ్లగడ్డ జంటకు వర్తించేది దేశ చట్టంలోని 21, 18. అదే మేలు. (ప్రొటెస్టెంట్లయిన సి.ఎస్.ఐ. వారు సంస్కారాలుగా ఎంచేవి 2: బాప్తిస్మం, ప్రభు భోజనం. నంద్యాలలో రెండు సభల వారూ ఉన్నారు కనుక ఈ తేడా చెప్పాల్సి వచ్చింది.)

యూదుల లెక్క వేరు. అక్కడ రోజు వస్తే కార్యం వచ్చినట్టే. మగబిడ్డకు 8వ రోజున సున్నతి. బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే వాయిదా వేస్తారు తప్ప, మనలా ముహూర్తం చూసి జరపరు. తల్లికి తొలి కాన్పులో కొడుకు పుడితే 31వ రోజున 5 వెండి షెకెళ్లు చెల్లించి యాజకుడి దగ్గర విడిపించుకుంటారు. అబ్బాయికి 13, ఆడపిల్లకు 12 నిండితే ధర్మశాస్త్రం ప్రకారం పెద్దవాళ్లయినట్టే. వేడుక చేసినా చేయకపోయినా ఆ బాధ్యత మీద పడుతుంది.

ఈ లెక్క మనకు అంత దూరానిదేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ, యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయీం కుటుంబాలున్నాయి. ఎఫ్రాయీం గోత్రపు సంతతి తామేనని వారి విశ్వాసం. వారికి ఊళ్లోనే సినగాగు ఉంది.

కతోలిక పంచాంగంలోనూ యూదుల లెక్క దాగి ఉంది. డిసెంబరు 25 నుంచి లెక్కిస్తే జనవరి 1 ఎనిమిదో రోజు, యేసుకు సున్నతి జరిగి పేరు పెట్టిన రోజు. ఫిబ్రవరి 2 నలభయ్యో రోజు, మరియమ్మ బిడ్డను దేవాలయానికి తీసుకెళ్లిన రోజు.

చావు దగ్గర ఈ లెక్క ఇంకా గట్టిది. యూదుల ఇంట్లో అయినవారికి 7 రోజుల దుఃఖం, ఆపైన 30వ రోజు దాకా మరో మెట్టు, తల్లిదండ్రులకైతే 11 నెలల పాటు కద్దీష్ ప్రార్థన. ఆ ప్రార్థన చెప్పాలంటే పెద్దవాళ్లు 10 మంది కూడాలి. చిన్న ఊళ్లో కొద్ది కుటుంబాలకు ఆ పదో మనిషి దొరకడం ఎంత అవసరమో! నిన్నటిదాకా చిన్నవాడిగా చూసిన పిల్లవాడికి 13 నిండిన రోజున, తొమ్మిది మందే ఉన్నచోట ఆ పదో మనిషి వాడే అవుతాడు.