మురుగునీటిలో మంచి బాక్టీరియా

బాక్టీరియా అనగానే మనకు కలరా, టైఫాయిడ్ గుర్తుకొస్తాయి. కానీ మురుగునీటిని శుభ్రం చేసేవి కూడా బాక్టీరియాలే. అవి చేసే పని మధ్యలో ఆగిపోతే దాని ఫలితం మన నూతి నీటిలో కనబడుతుంది.

నత్రజని ఎక్కడిది?

మురుగునీటిలోని నత్రజని ఎక్కువగా మన మూత్రంలోని యూరియా నుండి వస్తుంది. ఒక రకం బాక్టీరియా ఈ యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. మరుగుదొడ్డిలో వచ్చే ఘాటైన వాసన దీనిదే. ఇలాంటి నీరు చెరువులో కలిస్తే గుర్రపు డెక్క, నాచు విపరీతంగా పెరుగుతాయి, చేపలు చనిపోతాయి.

ఒకరి వ్యర్థం మరొకరికి ఆహారం

నైట్రోసోమోనాస్ అనే బాక్టీరియా గాలి ఉన్నచోట అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఆ నైట్రైటును నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా నైట్రేటుగా మారుస్తాయి. ఈ పనిని రెండు వేర్వేరు జాతులు చేస్తాయని 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ కనుగొన్నారు. రెండు పనులూ ఒంటరిగా చేయగల నైట్రోస్పైరా జాతి కూడా ఉందని 2015లో తెలిసింది.

చివరి పని సూడోమోనాస్ వంటివి చేస్తాయి. గాలి లేనిచోట ఇవి నైట్రేటులోని ఆక్సిజన్‌ను వాడుకుని, మురుగును ఆహారంగా తీసుకుంటాయి. అప్పుడు నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. అందుకే శుద్ధి కేంద్రాల్లో గాలి పంపే తొట్టె ఒకటి, గాలి లేని తొట్టె ఒకటి ఉంటాయి.

పని సగంలో ఆగితే?

మన ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులో గాలి ఉండదు కాబట్టి పని అమ్మోనియా దగ్గరే ఆగుతుంది. ఆ నీరు ఇంకుడు గుంట నుండి మట్టిలోకి దిగాక, అక్కడి గాలితో నైట్రేటు తయారవుతుంది. కానీ అంత లోతున చివరి బాక్టీరియాకు తగినంత ఆహారం దొరకదు. నైట్రేటు అలాగే నూతిలోకి చేరుతుంది. సోంపేట, భోగాపురం వంటి తీర ప్రాంతాల ఇసుక నేలల్లో నీరు త్వరగా ఇంకుతుంది కాబట్టి మరింత జాగ్రత్త అవసరం. పొలాల్లో వేసే ఎరువులు కూడా నైట్రేటును పెంచుతాయి.

నైట్రేటు ఎక్కువైతే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. నూతి నీటితో కలిపిన పాలు తాగిన శిశువులలో ఈ జబ్బును 1945లో అమెరికాలో డాక్టర్ కోమ్లీ వివరించారు.

మనం చేయవలసినవి

1. నూతికి, ఇంకుడు గుంటకు మధ్య కనీసం 50 అడుగుల దూరం ఉంచండి. గుంట పల్లం వైపు ఉండాలి.
2. నూతి నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 45 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ నైట్రేటు ఉండరాదు.
3. మరిగించినా, బ్లీచింగ్ పౌడరు వేసినా నైట్రేటు పోదు. మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది.
4. 6 నెలల వరకు బిడ్డకు తల్లిపాలే పట్టండి. డబ్బాపాలు తప్పనిసరైతే పరీక్షించిన నీటితోనే కలపండి.
5. ఆసిడ్, ఫినాయిలు, బ్లీచింగ్ మరుగుదొడ్డిలో అతిగా పోయకండి. అమ్మోనియాను మార్చే బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. శుద్ధి తొట్టెలో అవి చనిపోతే మళ్ళీ పెరగడానికి వారాలు పడుతుంది.

బిడ్డ నీలంగా కనబడితే ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.