పదునెనిమిదేండ్లు నిండిన పిదప

బాలల సంరక్షణాలయములలో పెరిగిన అనాథలకు 18 యేండ్లు నిండుట పండుగ కాదు. ఆ గూడు విడువవలసిన దినము. మన యిండ్లలో ఆ వయస్సు బిడ్డను వట్టిచేతులతో ఎవరు పంపుదురు?

2015 నాటి బాలల న్యాయచట్టము 46వ సెక్షను వీరికి ఆర్థికసహాయమునకు వీలు కల్పించినది. అనంతర సంరక్షణ యనబడు ఈ యేర్పాటు 21 యేండ్ల వరకు, ప్రత్యేక పరిస్థితులలో 23 వరకు సాగవచ్చును. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. అయితే అది దానంతట రాదు. బిడ్డ బయటికి వచ్చుటకు రెండు నెలల ముందే సంక్షేమాధికారి ప్రణాళిక వ్రాసి బాలల సంక్షేమ సమితికి పంపవలెను. పంపినారో లేదో జిల్లా బాలల పరిరక్షణ విభాగమున విచారించుటకు పంచాయతీ సభ్యులు సంకోచింపనక్కరలేదు.

వనపర్తి జిల్లా పానగల్ మండలమున గాని, మరెక్కడ గాని, ఇట్టి యువకుడు స్వగ్రామమునకు తిరిగి వచ్చినచో మొదట అడుగునది తండ్రి యిల్లు. అప్పటికి అందులో బంధువులుందురు. ఇంటిపన్ను వారి పేరనే యుండవచ్చును. హిందూ వారసత్వ చట్టము ప్రకారము తండ్రి ఆస్తిలో కుమారునితోపాటు కుమార్తెకును సమానభాగము గలదు. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రములు, ఇంటిపన్ను రిజిస్టరు పంచాయతీ కార్యాలయముననే యుండును. బిడ్డకు పదునేడవ యేట నున్నప్పుడే వానిని వెదకి, నకళ్లు తీయించి, సంరక్షణాలయమునకు పంపుడు.