వాన జాకెట్

వాన జాకెట్ అనగా వర్షం, గాలి శరీరానికి తగలకుండా మిగిలిన దుస్తులన్నింటిపైన ధరించే పలుచని పైతొడుగు. తేలికపాటి వాన జాకెట్లు సాధారణంగా 150 నుండి 400 గ్రాముల బరువు ఉంటాయి. వీటిని మడిచి చిన్న సంచిలో పెట్టుకోవచ్చు. మోకాళ్ళ వరకు వచ్చే రెయిన్‌కోటు వలె కాక, ఇది నడుము కిందికి, తుంటి వరకు మాత్రమే ఉంటుంది. తలను కప్పే హుడ్, ముందువైపు జిప్పు, మణికట్టు వద్ద బిగించుకొనే పట్టీలు దీనికి ఉంటాయి.

ఈ జాకెట్ తనంతట తాను వెచ్చదనాన్ని ఇవ్వదు. చలి ప్రదేశాలలో దీని లోపల స్వెట్టరు వంటి దుస్తులను వేసుకోవలసి ఉంటుంది. కావున ఒంటి కొలతకు సరిపోయిన జాకెట్ లోపలి దుస్తులు వేసుకున్న తరువాత కూడా సరిపోతుందని చెప్పలేము. సైజును ఎంచుకొనేటపుడు లోపల వేసుకోబోయే దుస్తుల మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చరిత్ర

నీటిని ఆపే వస్త్రాల తయారీలో మొదటి పెద్ద ముందడుగు స్కాట్లాండులో పడింది. గ్లాస్గోకు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ మాకింతోష్ నాఫ్తాలో కరిగించిన రబ్బరును రెండు గుడ్డల మధ్య పూసి, 1823లో ఆ విధానానికి పేటెంటు పొందాడు. నేటికీ బ్రిటనులో వానకోటును మాకింతోష్ అని పిలవడం కలదు. తొలినాటి రబ్బరు కోట్లు ఎండకు జిగటగాను, చలికి బిరుసుగాను మారేవి. అమెరికాకు చెందిన ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందిన వల్కనీకరణ విధానం వలన ఈ లోపం చాలావరకు తొలగిపోయింది.

రబ్బరు బయటి నీటిని ఆపినట్లే లోపలి చెమట ఆవిరిని కూడా ఆపివేస్తుంది. ఈ సమస్యకు పరిష్కారం 20వ శతాబ్దంలో లభించింది. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ ఇంజనీరు టెఫ్లాన్ జాతి పదార్థాన్ని వేగంగా సాగదీసినపుడు అది సూక్ష్మ రంధ్రాలు గల పలుచని పొరగా మారుతుందని కనుగొన్నాడు. ఆ రంధ్రాలు నీటి బిందువు కంటే ఎంతో చిన్నవి, నీటి ఆవిరి అణువు కంటే ఎంతో పెద్దవి. అందువలన ఆవిరి బయటకు పోగలదు కాని వాననీరు లోనికి రాలేదు. గోర్‌టెక్స్ అనే పేరుతో ఈ వస్త్రం 1976లో మార్కెట్టులోకి వచ్చింది.

పొరల పద్ధతి

చలి, వాన కలిసి ఉండే ప్రదేశాలలో ఒకే మందపాటి కోటుకు బదులు మూడు పొరలుగా దుస్తులు ధరించడాన్ని పొరల పద్ధతి అంటారు.

లోపలి పొర: చర్మానికి ఆనుకొని ఉండే పలుచని బనియను వంటిది. చెమటను పీల్చి బయటి పొరకు అందిస్తుంది. పాలియెస్టరు లేదా మెరినో ఉన్నితో తయారవుతుంది. నూలు బట్ట తడిసిన తరువాత త్వరగా ఆరదు కనుక చలి ప్రదేశాలలో దీనికి తగదు.

మధ్య పొర: ఫ్లీస్, ఉన్ని స్వెట్టరు, పక్షుల మెత్తని నూగు నింపిన జాకెట్ మొదలైనవి. వీటిలో చిక్కుకొని నిలిచిపోయే గాలి శరీరపు వేడిని కాపాడుతుంది.

పై పొర: వాన జాకెట్. గాలిని, నీటిని ఆపుతుంది.

నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. మధ్య పొర తడిసిపోతే దానిలోని గాలి స్థానంలో నీరు చేరి, శరీరం త్వరగా చల్లబడుతుంది. శరీరపు అంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గడాన్ని హైపోథెర్మియా అంటారు. ఇది ప్రాణాపాయానికి దారితీయవచ్చు. మంచు కురవనవసరం లేదు, గాలితో కూడిన చల్లని వాన ఒక్కటే దీనికి చాలు.

సైజు ప్రభావం

జాకెట్ మరీ బిగుతుగా ఉంటే మధ్య పొర నలిగి, దానిలోని గాలి బయటకు పోతుంది. నూగు నింపిన దుస్తులలో ఈ నష్టం మరింత ఎక్కువ. భుజాల వద్ద, మోచేతుల వద్ద బట్ట ఒంటికి అదుముకొని అక్కడ చలి తెలుస్తుంది. చేతులు పైకెత్తినపుడు నడుము బయటపడుతుంది, కుట్లు లాగబడతాయి.

మరీ వదులుగా ఉన్నా నష్టమే. నడిచేటపుడు జాకెట్ కొలిమితిత్తి వలె పనిచేసి లోపలి వెచ్చని గాలిని మెడ వద్ద నుండి, కింది అంచు నుండి బయటకు నెడుతుంది. వదులైన గుడ్డ గాలికి కొట్టుకుంటుంది, హుడ్ కళ్ళమీదికి జారుతుంది, పొడవైన చేతులు వేళ్ళకు అడ్డుపడతాయి.

పొరల మందం, చుట్టుకొలత

ఎంత వదులు కావాలో సులభమైన లెక్కతో తెలుసుకోవచ్చు. వృత్తపు వ్యాసార్థం కొంత పెరిగితే చుట్టుకొలత దానికి 2π రెట్లు, అనగా సుమారు 6.28 రెట్లు పెరుగుతుంది. ఛాతీ కచ్చితమైన వృత్తం కాకపోయినా ఈ లెక్క దాదాపుగా సరిపోతుంది.

1 మిల్లీమీటరు మందం గల బనియను: చుట్టుకొలతలో సుమారు 0.6 సెం.మీ. పెరుగుదల
4 మిల్లీమీటర్ల మందం గల ఫ్లీస్: సుమారు 2.5 సెం.మీ.
20 మిల్లీమీటర్ల మందం గల నూగు జాకెట్: సుమారు 12.6 సెం.మీ.

ఉదాహరణకు ఛాతీ 96 సెం.మీ. ఉన్న వ్యక్తి బనియను, ఫ్లీస్ ధరిస్తే చుట్టుకొలత సుమారు 99 సెం.మీ. అవుతుంది. ఆ రెండింటిపైన నూగు జాకెట్ కూడా ధరిస్తే అది దాదాపు 112 సెం.మీ. అవుతుంది. ఊపిరి పీల్చడానికి, చేతులు కదపడానికి కావలసిన వదులు దీనికి అదనం. కనుక పలుచని ఫ్లీస్‌తో మాత్రమే వాడే జాకెట్ తన మామూలు సైజులోనే సరిపోవచ్చును. మందపాటి నూగు జాకెట్ పైన వేసుకోవాలంటే సాధారణంగా ఒక సైజు పెద్దది అవసరమవుతుంది.

కొలతలు తీసుకొనే విధానం

ఛాతీ: చంకల కిందుగా, ఛాతీ అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట టేపును నేలకు సమాంతరంగా చుట్టి కొలవాలి. మొదట పలుచని చొక్కాపైన, తరువాత లోపలి పొరలన్నీ వేసుకొని మరొకసారి కొలవాలి.
తుంటి: జాకెట్ కింది అంచు వచ్చే చోట కొలవాలి. స్త్రీల విషయంలో ఛాతీ కంటే ఈ కొలతే సైజును నిర్ణయించవచ్చు.
చేయి పొడవు: మోచేతిని కొద్దిగా మడిచి, మెడ వెనుక ఎముక నుండి భుజం మీదుగా మణికట్టు వరకు కొలవాలి.

సైజు పట్టికలు

తయారీదారుల పట్టికలలో రెండు రకాల కొలతలు కనిపిస్తాయి. మొదటిది శరీరపు కొలత. ఇందులో కొంత వదులును తయారీదారే జాకెట్‌లో కలిపి ఉంటాడు. రెండవది కుట్టిన జాకెట్ యొక్క అసలు కొలత. పట్టిక ఏ రకానిదో చూడకుండా అదనపు వదులును లెక్కవేస్తే జాకెట్ అవసరానికి మించి పెద్దదవుతుంది. జాకెట్‌ను బల్లపై పరచి, ఒక చంక నుండి రెండవ చంక వరకు కొలిచి రెట్టింపు చేస్తే దాని అసలు చుట్టుకొలత తెలుస్తుంది.

మీడియం, లార్జ్ వంటి పేర్లకు అన్ని దేశాలలో ఒకే కొలత లేదు. అమెరికా మార్కెట్టు కొరకు తయారైన మీడియం జాకెట్, ఆసియా మార్కెట్టు కొరకు తయారైన మీడియం కంటే తరచుగా పెద్దదిగా ఉంటుంది. విదేశాలలో చదువుకొనుటకు వెళ్ళే తెలుగు విద్యార్థులు ఇక్కడి చొక్కా సైజును బట్టి అక్కడ జాకెట్ కొనేటపుడు ఈ తేడాను గమనించాలి. పేరు కంటే సెంటీమీటర్లను నమ్మడం మేలు.

ధరించి పరీక్షించుట

లోపలి పొరలన్నీ వేసుకొని, జాకెట్ జిప్పును మెడ వరకు పెట్టి ఈ కింది పరీక్షలు చేయాలి.

రెండు చేతులూ పైకెత్తినపుడు నడుము బయటపడకూడదు.
చేతులు ముందుకు చాచినపుడు మణికట్టు కప్పబడి ఉండాలి.
రెండు చేతులతో తన భుజాలను తాను పట్టుకున్నపుడు వీపుపై గుడ్డ బిగుసుకోకూడదు.
హుడ్ బిగించి తలను పక్కకు తిప్పినపుడు అది తలతోపాటు తిరగాలి, చూపుకు అడ్డురాకూడదు.
వీపు సంచిని తగిలించుకున్నపుడు భుజాల వద్ద ముడతలు, కింది అంచు పైకి లాగబడటం ఉండకూడదు.

మోటారు సైకిలు నడిపేవారు కూర్చున్న భంగిమలో పరీక్షించుకోవాలి. కూర్చొని చేతులు చాచినపుడు వీపు అంచు పైకి, చేతుల అంచులు వెనుకకు జరుగుతాయి. పిల్లలకు కొనేటపుడు పెరుగుదల కొరకు పెద్ద సైజు తీసుకొనడం మామూలే కాని, హుడ్ కళ్ళను కప్పివేసేటంత పెద్దది రోడ్డు దాటేటపుడు ప్రమాదకరం.

వస్త్ర రకాలు

ఈ జాకెట్ల వస్త్రాన్ని రెండు పొరలు, రెండున్నర పొరలు, మూడు పొరలు అని విభజిస్తారు. రెండు పొరల రకంలో విడిగా లైనింగ్ గుడ్డ ఉంటుంది. ఇది లోపలి చోటును కొంత ఆక్రమిస్తుంది. రెండున్నర పొరల రకంలో లైనింగ్ బదులు పలుచని పూత ఉంటుంది. ఇది అన్నిటికంటే తేలిక, కాని నేరుగా చర్మానికి తగిలినపుడు అంటుకున్నట్లుంటుంది. పొట్టి చేతుల చొక్కాపైన దీనిని వేసుకొనేవారికి చేతుల వద్ద కొంత వదులు అవసరం. మూడు పొరల రకం ఎక్కువ కాలం మన్నుతుంది, ఖరీదు కూడా ఎక్కువే.

నీరు బయటి గుడ్డపై బిందువులుగా జారిపోవడానికి ఒక రసాయనపు పూత పూస్తారు. ఇది క్రమంగా అరిగిపోతుంది, మరల పూసుకోవచ్చు. ఈ పూతలలో వాడుతూ వచ్చిన ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో త్వరగా నశించవు. అందువలన ఫ్లోరిన్ లేని పూతలు ఇటీవల వాడుకలోకి వచ్చాయి.

తెలుగు ప్రాంతాలలో

తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల గొర్రెల కాపరులు దక్కను గొర్రెల ఉన్నితో నేసిన గొంగడిని చలికి, వానకు కూడా కప్పుకొంటారు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకొంటుంది. ఒకే వస్త్రం మధ్య పొరగాను, పై పొరగాను పనిచేయడానికి గొంగడి మంచి ఉదాహరణ.

మైదాన ప్రాంతాలలో వానాకాలపు గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది కనుక పొరల అవసరం లేదు. ఇక్కడ పలుచని చొక్కాపైన గాలి ఆడేటంత వదులు చాలు. హిమాలయ యాత్రలకు వెళ్ళేవారి పరిస్థితి వేరు. ఎత్తు ప్రతి వేయి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. కేదార్‌నాథ్ సముద్రమట్టానికి సుమారు 3,580 మీటర్లు, అమర్‌నాథ్ గుహ సుమారు 3,890 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అమర్‌నాథ్ యాత్ర జరిగేది వానాకాలంలోనే. యాత్రికులు ఇంటివద్ద చొక్కాపైన చూసుకొని కొన్న జాకెట్, కొండపైన స్వెట్టరు మీద పట్టకపోతే దానివలన ప్రయోజనం ఉండదు. బయలుదేరక ముందే స్వెట్టరుతో సహా ఒకసారి తొడిగి చూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

గొంగడి
గొడుగు
రెయిన్‌కోటు
హైపోథెర్మియా
ఉన్ని