40 బిట్ల తాళం

పరాయి దేశానికి సరుకు అమ్మకుండా ఆపితే నష్టం వాళ్లకే అనుకుంటాం కదా. మన బ్రాంచ్ వాళ్లకి తెలియాల్సిన కథ ఒకటుంది.

1990లలో అమెరికా గట్టి ఎన్‌క్రిప్షన్‌ని ఆయుధాల జాబితాలో పెట్టి, ఎగుమతిపై ఆంక్షలు విధించింది. దాంతో నెట్‌స్కేప్ బ్రౌజర్ రెండు రకాలుగా వచ్చేది. అమెరికన్లకి 128 బిట్ల కీ, బయటివాళ్లకి 40 బిట్లది. ఒక్క బిట్ తగ్గితేనే వెతకాల్సిన కీలు సగమైపోతాయి, అలాంటిది 88 తగ్గించారు! 1995లో డామియెన్ డోలిజే అనే ఫ్రెంచ్ పరిశోధకుడు ల్యాబ్ కంప్యూటర్లతో 8 రోజుల్లో ఆ తాళం తీసేశాడు.

ఇలాంటి డొల్ల తాళం ఎవరికి కావాలి? బయటివాళ్లు సొంతంగా రాసుకున్నారు. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన కోడే తర్వాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి పునాది అయింది. ఇప్పుడు అమెరికా సర్వర్లలోనూ అదే నడుస్తోంది.

2000లో ఆంక్షలు సడలించారు. కానీ పాత కోడ్ ఎవరు తీస్తారు? (మనం మాత్రం తీస్తామా!) 2015లో ఫ్రీక్ అనే లోపం బయటపడింది. దారిలో కాపు కాసినవాడు "ఎగుమతి రకం కీ ఇవ్వు" అంటే చాలా సర్వర్లు ఇచ్చేసేవి, కొన్ని బ్రౌజర్లు తాము అడక్కపోయినా తీసేసుకునేవి. ఆ 512 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీని అద్దె కంప్యూటర్ల మీద సుమారు 100 డాలర్ల ఖర్చుతో విడగొట్టొచ్చు. అలా దొరికిపోయిన సైట్లలో ఎన్‌ఎస్‌ఏది కూడా ఉంది. బయటివాళ్ల సందేశాలు చదవడానికి వీలుగా ఉండాలని ఆ ఆంక్షల కోసం పట్టుబట్టింది వాళ్లే.