ఆకుల మాటున నీటిని చదివే తరంగాలు

గుంటూరు నుండి చిలకలూరిపేటకు జాతీయ రహదారిపై వెళ్ళేవారికి ఎడ్లపాడు సమీపంలో కొండవీటి కొండలు కనిపిస్తాయి. వానలకు పచ్చబడిన ఆ అడవి వేసవిలో బూడిదరంగుకు తిరుగుతుంది. మన కన్ను గ్రహించేది ఆ రంగునే. మానులో నీరెంత మిగిలిందో, అడవి ఎంత పలచబడిందో తెలుసుకోవడానికి రంగు ఒక్కటే చాలదు. మబ్బు కమ్మితే ఉపగ్రహ కెమెరాకు ఆ రంగు కూడా అందదు.

ఈ లోటును మైక్రోవేవ్ తరంగాలు తీరుస్తాయి. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం త్వరగా వేడెక్కుతుంది, ఖాళీ పింగాణీ పళ్ళెం అంతగా వేడెక్కదు. అన్నంలోని నీరే అందుకు కారణం. నీటి అణువు విద్యుత్ క్షేత్రానికి బలంగా స్పందిస్తుంది. పదార్థాల ఈ గుణాన్ని తెలిపే సంఖ్యను రోధక స్థిరాంకం అంటారు. అది గాలికి 1, ఎండుకట్టెకు సుమారు 2, నీటికి సుమారు 80. అందువల్ల రెండు కొమ్మలు ఒకే లావున ఉన్నా, ఎండిన దానికంటే పచ్చి కొమ్మే రాడార్ తరంగాన్ని ఎక్కువగా తిప్పి పంపుతుంది.

ఇస్రో, నాసా కలిసి నిర్మించిన నైసార్ ఉపగ్రహం 2025 జూలై 30న శ్రీహరికోట నుండి నింగికెగసింది. 747 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహం 12 రోజులకొకసారి అదే మార్గానికి తిరిగి వస్తుంది. అందులోని ఇస్రో రాడార్ తరంగం పొడవు సుమారు 9 సెంటీమీటర్లు, నాసాది 24 సెంటీమీటర్లు. పొట్టి తరంగం చాలావరకు ఆకులు, సన్నని కొమ్మల వద్దే చెదిరిపోతుంది. పొడవైనది లోనికి చొచ్చుకుపోయి పెద్ద కొమ్మలను, మానులను తాకుతుంది. చీకటిగానీ మబ్బుగానీ వాటికి అడ్డు కాదు.

అయితే ఒక్క చిత్రాన్ని చూసి తీర్పు చెప్పరాదు. వానకు తడిసిన పలుచని అడవి, ఎండిన చిక్కని అడవి ఒకే విధమైన సంకేతాన్ని పంపవచ్చు. కనుకనే కొలతను మళ్ళీ మళ్ళీ తీసుకోవాలి, నేలపై మనుషులు మానుల చుట్టుకొలతను కొలిచి సరిచూడాలి. హెక్టారుకు సుమారు 100 టన్నులు మించిన చిక్కని అడవుల్లో 24 సెంటీమీటర్ల తరంగం సైతం తేడాలను సరిగా పట్టలేదు. పల్నాటి కొండలపై ఉన్నటువంటి పలుచని, పొడి అడవుల్లోనే అది చక్కగా పనికివస్తుంది.

కొండపై చెట్లు వాననీటిని నిలుపుతాయి, మట్టి కొట్టుకుపోకుండా కాపాడతాయి. దిగువనున్న చెరువులకు, చేలకు ఆ రక్షణ అవసరం. అడవి ఎండుతున్నదని ముందే తెలిస్తే, కార్చిచ్చు రాకముందే కాపలా పెట్టవచ్చు. నైసార్ సమాచారం అందరికీ ఉచితంగా అందాలన్నది ఉభయ సంస్థల విధానం. భౌతికశాస్త్రం చదివే మన పిల్లలు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, తమ ఊరి కొండతోనే ఈ విద్యను ఆరంభించవచ్చునని మేము భావిస్తున్నాము.