ముహమ్మద్ అలీ - అతని ప్రత్యర్థులు : ఒక తులనాత్మక పరిశీలన

రుస్తుం బలవంతుడా, భీముడు బలవంతుడా అని బాల్యమున వాదించుకొనని వారు మనలో అరుదు. ఆ వాదమునకు ముగింపు లేదు. ఏలనన, ఆ ఇద్దరూ ఏనాడును ఒక బరిలో నిలువలేదు. ముష్టియుద్ధ క్రీడలో కూడ ఇట్టి వాదమే అర్ధశతాబ్దికి పైగా సాగుచున్నది. జో లూయీ, రాకీ మార్సియానో, ముహమ్మద్ అలీ - ఈ ముగ్గురు హెవీవెయిట్ ఛాంపియన్లలో ఎవరు శ్రేష్ఠుడు? తీర్పు చెప్పుటకు ముందు, అసలు తీర్పు చెప్పు విధానమెట్టిదో విచారించుట మేలని మేము తలచుచున్నాము.

ఈ సమస్యను యంత్రమునకు అప్పగించిన వారు కూడ ఉన్నారు. 1969లో అలీని, అప్పటికి పదమూడేండ్ల క్రితమే క్రీడ నుండి విరమించిన మార్సియానోను ఒక రింగులో నిలిపి, చలనచిత్రము కొరకు పోరాడినట్లు నటింపజేసినారు. పలు ముగింపులు చిత్రీకరించి, కంప్యూటరు లెక్కల పేరుతో 1970 జనవరిలో ప్రదర్శించినారు. అమెరికాలో చూపిన ప్రతిలో మార్సియానో 13వ రౌండులో గెలిచినాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో అలీ గెలిచినాడు. పాపము, ఆ ముగింపులేవీ చూడకుండగనే మార్సియానో 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదములో మరణించినాడు. యంత్రము తనకు వేసిన మేతనే నెమరువేయునుగాని, జరుగని పోరాటమును జరిగినట్లు చూపజాలదు.

పోలికకు మొదటి ఆటంకము శరీర భారము. మార్సియానో బరువు సుమారు 84 కిలోలు. 1974 నాటి అలీ బరువు సుమారు 98 కిలోలు. మన కాలపు వ్లాదిమిర్ క్లిచ్కో 110 కిలోలకు దగ్గరగా ఉండెడివాడు. నేడు వృత్తి బాక్సింగులో హెవీవెయిట్ తరగతి 90.7 కిలోల పైన మొదలగుచున్నది. అనగా మార్సియానో నేడు వచ్చినచో అతనిని క్రింది తరగతిలో నిలుపవలసి యుండును. తరగతుల మధ్య భేదమెంత సూక్ష్మమో తెలియుటకు దూరము పోనక్కర లేదు. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత యైనది. 2023లో అదే గౌరవమును 50 కిలోల తరగతిలో పొందినది. రెండు కిలోలకే వేరొక తరగతి ఏర్పరచిన క్రీడలో, ఇరువది ఆరు కిలోల అంతరమును మరచి వాదించుట న్యాయము కాదు.

రెండవ ఆటంకము నియమములు. లూయీ, మార్సియానో, అలీల కాలమున ఛాంపియన్ పోటీలు 15 రౌండ్లు సాగెడివి. 1982లో దక్షిణ కొరియా యోధుడు కిమ్ డుక్-కూ పోటీలో తగిలిన దెబ్బలకు మరణించిన తరువాత క్రమముగా 12 రౌండ్లకు తగ్గించినారు. 1971 మార్చి 8న న్యూయార్కులో జో ఫ్రేజియర్ అలీని నేలగూల్చినది 15వ రౌండులో. 1975 అక్టోబరు 1న మనీలాలో ఫ్రేజియర్ శిక్షకుడు పోటీని ఆపించినది 14వ రౌండు ముగిసిన పిమ్మట. నేటి నియమములే ఆనాడుండినచో ఈ రెండు ఘట్టములును చరిత్రలో ఉండెడివి కావు.

మూడవది అంకెల మాయ. మార్సియానో 49 పోటీలలో ఒక్కటియు ఓడలేదు. లూయీ 1937 నుండి 1949 వరకు తన స్థానమును 25 పర్యాయములు నిలుపుకొన్నాడు. అలీ 56 గెలిచి 5 ఓడినాడు. అంకెలే ప్రమాణమైనచో వాదము ఇక్కడనే ముగియును. కాని మార్సియానో 1951లో లూయీని ఓడించునాటికి లూయీ వయస్సు 37. లారీ హోమ్స్ 1980లో అలీని ఓడించునాటికి అలీ వయస్సు 38. ఆ రెండు విజయములును నిజమే. అయినను అవి వృద్ధసింహములపై సాధించిన విజయములు.

ఇక అలీ విషయమున, ఏ అలీని పోల్చవలెనన్నది మరొక చిక్కు. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించిన 22 ఏండ్ల యువకుడు కాళ్ల వేగమే కవచముగా గలవాడు. 1967లో వియత్నాం యుద్ధమునకు సైన్యములో చేరనని తన మత విశ్వాసము ననుసరించి నిరాకరించినందున అతని పదవిని, లైసెన్సును తీసివేసినారు. 5 సంవత్సరముల జైలు శిక్ష విధించినారు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసినది. కాని 25వ ఏట మొదలై 43 నెలలు అతడు రింగునకు దూరమైనాడు. యోధుని జీవితములో ఆ వయస్సు తిరిగి రానిది. తిరిగివచ్చిన అలీకి ఆ కాళ్లు లేవు. దెబ్బ కాచుకొను ఓర్పు, ఎదుటివానిని చదువు బుద్ధి మిగిలినవి. ఫ్రేజియర్‌ను, కెన్ నార్టన్‌ను ఒక్కొక్కరిని రెండేసి రౌండ్లలో కూల్చిన జార్జ్ ఫోర్‌మన్‌ను 1974లో కిన్షాసా నగరమున ఆ ఓర్పుతోడనే అలసటపరచి, 8వ రౌండులో పడగొట్టినాడు. అదే ఫోర్‌మన్ ఇరువది ఏండ్ల తరువాత, 1994లో, 45వ ఏట మరల ఛాంపియన్ అయినాడనగా అలీ ఎట్టివానిని గెలిచినాడో ఊహింపవచ్చును.

మా అభిప్రాయము ఇది. అలీ లూయీని పడగొట్టునా లేదా అన్నది ఎవరును తేల్చలేరు. తేల్చదగినది, ఆయా యోధులకు వారి కాలము ఎట్టి ప్రత్యర్థుల నిచ్చినది, వారు ఆ పరీక్షకు ఎట్లు నిలిచినారు అన్నదే. ఈ కొలతలో అలీయే అగ్రగణ్యుడు. అయితే ఆ కీర్తిలో సగపాలు ప్రత్యర్థులది. బహిష్కృతుడై యున్నప్పుడు అతనికి లైసెన్సు తిరిగి ఇవ్వవలెనని కోరిన ఫ్రేజియర్‌నే అలీ తరువాత గొరిల్లా యని, తెల్లవారికి ఊడిగము చేయువాడని బహిరంగముగా హేళన చేసినాడు. అభిమానులమైనంత మాత్రమున దీనిని మరుగుపరుపరాదు. 2001లో అలీ పత్రికాముఖముగా క్షమాపణ చెప్పినాడు. 2011లో ఫ్రేజియర్ అంత్యక్రియలకు, పార్కిన్సన్ వ్యాధితో వణకుచున్న దేహముతో, స్వయముగా హాజరైనాడు. ఆ వ్యాధిని వైద్యులు గుర్తించినది 1984లో. 2016 జూన్ 3న అతడు కన్నుమూసినాడు.

విద్యార్థి మిత్రులు వాదించుట మానవలదు. వాదము లేనిదే క్రీడాభిమానము లేదు. కాని ఏ ఇద్దరిని పోల్చునప్పుడైనను - వారి తరగతి యేది, నియమములేవి, వయస్సెంత, ఎదుట నిలిచినవారెవరు అని ముందుగా అడుగుడు. మన అభిమాన వీరునిచే ఓడినవాని పేరును కూడ గౌరవముతో పలుకుడు. ఆ ఓడినవాడు బలవంతుడు గనుకనే మన వీరుడు వీరుడైనాడు.