వైద్య పరిమితులున్న హవల్దార్లు – సైన్యంలో నాయకత్వ అవకాశాలు

(ప్రత్యేక వ్యాసం)

అధికారి జారీ చేసిన ఆదేశాన్ని జవాన్లచే అమలు చేయించే బాధ్యత సైన్యంలో ప్రధానంగా హవల్దారుపై ఉంటుంది. పదాతి దళంలో సుమారు పదిమంది గల సెక్షన్‌కు ఆయనే నాయకుడు. వైమానిక దళంలో సార్జెంట్, నౌకాదళంలో పెట్టీ ఆఫీసర్ ఇందుకు సమానమైన హోదాలు. పదిహేను, ఇరవై సంవత్సరాల అనుభవం గడించిన ఇట్టి వ్యక్తి గాయం వలనగాని, వ్యాధి వలనగాని కొన్ని విధులకు దూరం కావలసి వచ్చినప్పుడు, ఆయన నాయకత్వ పటిమను సైన్యం ఏ విధంగా వినియోగించుకుంటున్నది? ఆయన సర్వీసుకు, పదోన్నతికి గల రక్షణలేమిటి? ఈ అంశాలపై పాత్రికేయులకు, సైనిక కుటుంబాలతో వ్యవహరించే అధికారులకు అవగాహన కల్పించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

వైద్య వర్గీకరణ విధానం

భారత సైన్యంలో శారీరక, మానసిక స్థితిని ‘షేప్’ అను విధానంలో నిర్ణయిస్తారు. ఇందులోని అయిదు ఆంగ్లాక్షరాలు వరుసగా మానసిక స్థితి, వినికిడి, కాలుచేతులు, శారీరక సామర్థ్యం, కంటిచూపులను సూచిస్తాయి. ఒక్కొక్క అంశానికి 1 నుండి 5 వరకు శ్రేణులు ఉంటాయి. అన్నింటా ఒకటవ శ్రేణి పొందినవారు ‘షేప్-1’, అనగా అన్ని ప్రాంతాలలో అన్ని విధులకు అర్హులు. 2, 3 శ్రేణులవారు కొన్ని పరిమితులకు లోబడి పనిచేయగలవారు. అయిదవ శ్రేణి వారు సైనిక సేవకు శాశ్వతంగా అనర్హులు.

షేప్-1 కంటే తక్కువ స్థాయిలో ఉన్నవారిని ‘లో మెడికల్ కేటగిరీ’ సిబ్బందిగా వ్యవహరిస్తారు. ఇది తాత్కాలికం కావచ్చు, శాశ్వతం కావచ్చు. శాశ్వత వర్గంలోని వారిని సైతం వైద్య మండలి నియమిత కాలవ్యవధిలో మరల పరీక్షిస్తుంది. ఎత్తయిన పర్వత ప్రాంతాలు, అతిశీతల ప్రదేశాలు, బరువులెత్తడం, దీర్ఘదూరపు నడక వంటి వాటిలో వేటికి దూరంగా ఉండవలెనో మండలి స్పష్టం చేస్తుంది. ఈ వర్గంలో చేరినంత మాత్రాన సైనికుడు సేవకు పనికిరానివాడైనట్లు కాదు.

సర్వీసులో కొనసాగింపు

1980 నాటి 46వ ఆర్మీ ఆర్డర్ శాశ్వత లో మెడికల్ కేటగిరీ సిబ్బంది వినియోగాన్ని గురించి విధివిధానాలు నిర్దేశించింది. దాని ప్రకారం హవల్దార్లతో సహా ఇతర హోదాలవారిని సాధారణంగా 10 సంవత్సరాల సర్వీసు పూర్తయ్యే వరకు, జూనియర్ కమిషన్డ్ అధికారులను 15 సంవత్సరాలు పూర్తయ్యే వరకు కొనసాగించాలి. ఆ తరువాత కూడ వారి అంగీకారంతో సాధారణ విరమణ వరకు కొనసాగించవచ్చు. అయితే వైద్య స్థాయికి తగిన ప్రత్యామ్నాయ విధి లభ్యం కావలెననీ, రెజిమెంటుకు లేదా కోర్‌కు మంజూరైన సంఖ్య మించరాదనీ నిబంధన ఉన్నది.

ఈ నిబంధన ఆధారంగా పలువురిని వైద్య మండలి సిఫారసు లేకుండానే విడుదల చేయడం వివాదాస్పదమైనది. ఒక జూనియర్ కమిషన్డ్ అధికారి కేసులో సుప్రీంకోర్టు 2008 నవంబరులో ముఖ్యమైన తీర్పు వెలువరించింది. 1954 నాటి ఆర్మీ నియమావళిలోని 13వ నియమం ప్రకారం, అనర్హతను నిర్ణయించే ‘ఇన్వాలిడింగ్ మెడికల్ బోర్డు’ సిఫారసు లేనిదే శాశ్వత లో మెడికల్ కేటగిరీ కారణంగా విడుదల చేయుట చెల్లదని అందులో స్పష్టం చేసింది. 2009 నుండి ఇట్టి వివాదాలను సాయుధ దళాల ట్రిబ్యునల్ విచారిస్తున్నది.

ఏయే బాధ్యతలు?

శత్రువుకు ఎదురుగా సెక్షన్‌ను నడిపించుట ఒక్కటే హవల్దారు నాయకత్వం కాదు. కంపెనీ ఆయుధాలు, దుస్తులు, రేషన్, సామగ్రి లెక్కలకు క్వార్టర్ మాస్టర్ హవల్దారు బాధ్యుడు. కంపెనీ క్రమశిక్షణ, డ్యూటీల కేటాయింపు హవల్దార్ మేజర్ చూస్తారు. ఇవిగాక వర్క్‌షాపులు, స్టోర్లు, కార్యాలయాలు, సమాచార కేంద్రాలు, తరగతి గదుల బోధన మొదలైన చోట్ల అనుభవజ్ఞుల అవసరం ఉంటుంది. వైద్య మండలి విధించిన పరిమితిని, ఆ పదవికి నిర్దేశించిన అర్హతను పోల్చి చూసి బాధ్యత అప్పగించుట యూనిట్ కమాండర్ విధి. మోకాలి గాయం వలన పర్వత ప్రాంతానికి పోలేని హవల్దారు, మైదాన ప్రాంతపు వర్క్‌షాపులో పాతికమంది పనిని పర్యవేక్షించుటకు ఆటంకం ఉండనవసరం లేదు.

పదోన్నతే అసలు సమస్య

విధి లభించినంత సులభంగా పదోన్నతి లభించదు. హవల్దారు సర్వీసు పరిమితి 24 సంవత్సరాలు. స్క్రీనింగ్ బోర్డు ఆమోదిస్తే మరి 2 సంవత్సరాలు పొడిగిస్తారు. నాయబ్ సుబేదారుగా పదోన్నతి పొందినవారికి ఈ పరిమితి పెరుగుతుంది. పదోన్నతికి, పొడిగింపునకు సీనియారిటీ, వార్షిక రహస్య నివేదికలు, క్రమశిక్షణలతోపాటు వైద్య వర్గాన్ని కూడ పరిశీలిస్తారు. యుద్ధ క్షతగాత్రుల విషయంలో ప్రత్యేక సడలింపులున్నవి. మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధులతో ఈ వర్గంలో చేరినవారికి అంతటి వెసులుబాటు లేదు. ఫలితంగా నలభై ఏళ్లు దాటిన కొద్దికాలానికే, పిల్లల చదువులు ముగియకముందే ఇంటికి చేరవలసిన పరిస్థితి వారికి ఏర్పడుతున్నది. పింఛను కూడ చివరి హోదా, వేతనాలపైననే ఆధారపడి ఉంటుంది.

యుద్ధ సన్నద్ధత దృష్ట్యా సైన్యం కఠినమైన ప్రమాణాలు పాటించుట అవసరమే. లో మెడికల్ కేటగిరీ వారి సంఖ్య పెరిగిన యూనిట్లలో కఠిన విధుల భారం మిగిలినవారిపై పడుతుంది. ఈ రెండింటి నడుమ సమతూకం సాధించుటయే విధాన నిర్ణేతల ముందున్న కర్తవ్యం.

స్ఫూర్తిదాయకులు

1971 యుద్ధంలో కాలు కోల్పోయిన ఇయాన్ కార్డోజో పదాతి బెటాలియన్‌కు, తదుపరి బ్రిగేడ్‌కు నాయకత్వం వహించి మేజర్ జనరల్ అయ్యారు. 1965లో గాయపడి కాలు కోల్పోయిన విజయ్ ఒబెరాయ్ సైన్యాధ్యక్ష ఉపపదవిని అధిష్ఠించారు. వీరిరువురూ అధికారులు. హోదాలలోని వారి విషయానికి వస్తే, ఇ.ఎం.ఇ. కోర్‌కు చెందిన మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో గాయపడి, 1972 పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణ పతకం సాధించారు. ఆ కోర్ శిక్షణ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉన్నది. 2002లో మందుపాతర పేలి కాలు కోల్పోయిన అస్సాం రెజిమెంట్ హవల్దారు హొకాటో హొటోజె సేమా 2024 పారిస్ పారాలింపిక్స్‌లో షాట్‌పుట్‌లో కాంస్యం గెలిచారు. విధి నిర్వహణలో దివ్యాంగులైన సైనికుల సంవత్సరంగా 2018ని సైన్యం ప్రకటించింది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

లో మెడికల్ కేటగిరీ, దివ్యాంగత్వం, అనర్హత అనునవి మూడు వేర్వేరు విషయాలు. వార్తలలోగాని, ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలలోగాని వీటిని ఒకటిగా పేర్కొనరాదు. విడుదలైన సైనికుడు సహాయం కోరి వచ్చినప్పుడు వైద్య మండలి నివేదిక, విడుదల ఉత్తర్వు, అందులో ఉదహరించిన నియమం పరిశీలించుట మొదటి మెట్టు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సంబంధిత రికార్డు కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.

దేహానికి తగిలిన గాయం కొన్ని పనులకు మాత్రమే అడ్డు. ఇరవై ఏళ్ల అనుభవం, జవాన్లను నడిపించే నేర్పు దానితో తొలగిపోవు. వాటిని తగిన చోట వినియోగించుకొనుట ఆ సైనికునికే కాక సైన్యానికి కూడ ప్రయోజనకరం.